వినుకొండ బస్సెక్కిన సంచి

నరసరావుపేట బస్టాండులో హజ్రా బీకి సీటు దొరకలేదన్న మాట ఇరవై రెండేళ్ళలో ఎవరూ వినలేదు. బస్సు గేటు దాటి లోపలికి తిరుగుతుండగానే ఆమె దాని పక్కన నడక మొదలుపెడుతుంది. పరుగెత్తదు. బస్సుల వెంట పరుగెత్తేవాళ్ళంటే ఆమెకు మహా చిన్నచూపు. మూడో కిటికీ తన పక్కకి రాగానే భుజం మీది ఎర్ర గళ్ళ తుండుగుడ్డను మడత విప్పకుండా లోపలికి విసురుతుంది. అది తిన్నగా వెళ్ళి సీటులో పడుతుంది. ఇక ఆ సీటు హజ్రా బీది. మిగతా జనం తలుపు దగ్గర ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ ఉంటే, ఆమె తాపీగా టీ కొట్టు దగ్గరికి పోయి, గాజు గ్లాసులో టీ తాగి, బస్సు కదిలే వేళకు వచ్చి, "కాస్త జరగండమ్మా" అంటూ తన సీటులో తాను కూర్చుంటుంది.

ఆ గుడ్డకున్న మర్యాద పెద్ద పెద్ద చట్టాలకు కూడా లేదు. పొలం గట్టు దగ్గర జానెడు నేల కోసం కర్రలు తీసేవాళ్ళు కూడా, సీటు మీద ఎవరిదో గుడ్డ కనిపిస్తే గొణుక్కుంటూ పక్కన నిలబడతారు గాని, తీసి అవతల పెట్టి కూర్చోరు.

హజ్రా బీది బట్టల మూట వ్యాపారం. నైటీలు, లంగాలు, దుప్పట్లు కట్టుకుని ఒకరోజు రొంపిచెర్ల వైపు, ఇంకోరోజు పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపు వెళ్ళి, ఇంటింటికీ తిరిగి అమ్ముకొస్తుంది. భర్త అబ్దుల్ జబ్బార్‌కు ఊళ్ళోనే పంక్చర్ షాపు ఉంది. ఎన్ని వందల చక్రాలకు గాలి పట్టి దూరాభారం పంపించాడో గాని, బస్సు వాసన తగిలితే చాలు, ఆయనకు కడుపులో తిప్పుతుంది. పెళ్ళికి కూడా సైకిలెక్కి వెళ్ళిన మనిషి. అందుకని ఆ ఇంట్లో ఊరు దాటే పని ఏదొచ్చినా, పెళ్ళయినా చావయినా ఆస్పత్రయినా, బస్సెక్కాల్సింది హజ్రా బీయే. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, బస్సులో తెలుగు మాట్లాడుతుంది, సీటు దగ్గర కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడుతుంది.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆమె విద్యకు మరీ విలువ పెరిగింది. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, సున్నా టికెట్టు చేతిలో పెడతారు. పుట్టింటి మొహం చూసి పదేళ్ళయినవాళ్ళు కూడా ఆదివారం ఆదివారం వెళ్ళొస్తున్నారు. "మంచిదే, అందరూ తిరగాల్సిందే," అంటుంది హజ్రా బీ. "కాకపోతే అందరూ నేనెక్కే బస్సే ఎక్కాల్నా?"

ఆమె ఒక్కగానొక్క కూతురు ఫాయిజా నర్సింగు పూర్తి చేసింది. గుంటూరులో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి సర్టిఫికెట్లు సరిచూడటానికి రమ్మని పిలుపొచ్చింది. మంగళవారం ఉదయం పదకొండున్నర లోపల అసలు కాగితాలతో హాజరు కావాలి. రాకపోతే జాబితాలో పేరు తీసేసి కింది పేరును పైకి తెస్తారు. ఆ ముక్క ఫాయిజా ఎన్నిసార్లు చదివి వినిపించిందంటే, చదువు అంతంత మాత్రం వచ్చిన హజ్రా బీకి కూడా అది కంఠతా వచ్చేసింది.

మంగళవారం ఎనిమిదింటికి తల్లీకూతుళ్ళు బస్టాండులో ఉన్నారు. హజ్రా బీ చేతిలో నీలం గుడ్డ సంచి ఉంది. అందులో ఫాయిజా ఫైలు, ఇద్దరి ఆధార్ కార్డులు, హజ్రా బీ చిన్న ఫోను, ఉప్మా డబ్బా. అలవాటుగా భుజం తడుముకుంటే అక్కడ తుండుగుడ్డ లేదు.

"ఇంట్లో మర్చిపోయినట్టున్నానే."

"పోనీలే అమ్మీ," అంది ఫాయిజా, చూపు పక్కకి తిప్పుకుని. "ఇయ్యాల అందరితో పాటు ఎక్కుదాం. అట్టా బస్సు వెంట పడమాక. నాతో పాటు ఈ ఉద్యోగానికి పిలుపొచ్చిన పిల్లలు కూడా ఈ బస్సుకే వస్తారు."

"వస్తే రానీ. వాళ్ళు నిలబడి వస్తారు, మనం కూర్చుని పోతాం."

ఫాయిజా ఫోను తీసింది. గుంటూరు బస్సు ఎనిమిదీ అయిదుకు వస్తుందని ఫోను చెబుతోంది. సరిగ్గా ఎనిమిదీ అయిదుకు ఒక బస్సు గేటులోకి తిరిగింది.

పాత బస్సులకు రంగు వేసిన బోర్డుండేది. అది కదిలేది కాదు, హజ్రా బీ ఒక్కో అక్షరం కూడబలుక్కునేదాకా ఓపిగ్గా ఉండేది. ఈ కొత్త వాటికి ఎర్రగా వెలిగే అక్షరాలు పరుగెడుతుంటాయి. ఆమె 'గుంటూరు' అని చదవడం పూర్తి చేసేసరికి ఆ అక్షరాలు ఎటో పోయి వేరేవి వచ్చాయి. వాటికోసం ఆమె ఆగలేదు. ఫోను మీద నుంచి తలెత్తకుండానే ఫాయిజా కూడా, "అదే అమ్మీ, టైము సరిపోయింది," అంది.

అరవై డెబ్బై మంది ఆడవాళ్ళు ఒక్కసారి కదిలారు. హజ్రా బీ కాళ్ళు వాటంతటవే బస్సు పక్కన నడిచాయి. మూడో కిటికీ వచ్చింది. చెయ్యి భుజం మీదికి పోయింది, అక్కడ గుడ్డ లేదు. రెండో చేతిలో సంచి ఉంది. ఆలోచించడానికి వ్యవధి లేదు, ఇరవై రెండేళ్ళ అలవాటు ఆలోచించనివ్వదు కూడా. సంచి గాలిలోకి లేచి, కిటికీ ఊచకు తగలకుండా లోపలికి వెళ్ళి, సీటు మధ్యలో బుద్ధిగా కూర్చుంది.

"అమ్మీ, అందులో ఫైలుంది."

"ఉంటే ఏందే? నీ ఫైలు మనకంటే ముందే కూర్చుంది. రా, టీ తాగుదాం. గుంటూరు బస్సు పది నిమిషాలు ఆగుద్ది."

టీ బాగా వేడిగా ఉంది. ఊదుకుని రెండు గుక్కలు తాగారు. మైకులో ఎవరో ఏదో చెప్పారు. బస్టాండు మైకు చెప్పేది అర్థమైనవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు. మూడో గుక్కకు బస్సు కదిలింది. డ్రైవరు ముందుకు జరిపి పెట్టుకుంటున్నాడనుకుంది హజ్రా బీ. బస్సు గేటు దాకా పోయింది, గేటు దాటింది. గుంటూరు వైపు తిరగాల్సింది వినుకొండ వైపు తిరిగింది.

అప్పుడు పరుగెత్తింది హజ్రా బీ. గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు, ఒక చెప్పు ఎక్కడ ఊడిందో తెలియదు. "ఆపండయ్యా, ఆపండి" అంటూ గేటు దాకా, గేటు దాటి రోడ్డు దాకా పరుగెత్తింది. బస్సు వెనక అద్దంలో నిలబడ్డ జనం వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆటోలు అడ్డమొచ్చాయి, బస్సు మాయమైంది.

వెనక్కి వచ్చేసరికి ఫాయిజా విచారణ కిటికీ దగ్గర ఏడుస్తూ నిలబడి ఉంది. లోపల పిచ్చియ్య ఉన్నాడు. వచ్చే పోయే బస్సుల టైములు రాసుకునే పని ఆయనది. హజ్రా బీని పేరు పెట్టి పిలిచేంత పరిచయం.

"అది గుంటూరు నుంచి వచ్చిన బస్సు, హజ్రమ్మా. వినుకొండ పోద్ది. బోర్డులో రెండో ఊరు చూసుకోవద్దా? నీ బస్సు కూడా గుంటూరు నుంచే వచ్చి తిరిగి పోవాల, రోడ్డు పనుల కాడ ఇరుక్కుంది. ఇంకా చానాసేపు పట్టుద్ది."

"ఫోన్లో ఎనిమిదీ అయిదని చూపించింది గదా," అంది ఫాయిజా.

"ఫోనుకేం తల్లీ, అది రోడ్డు మీద ఉందా?" అన్నాడు పిచ్చియ్య. తర్వాత హజ్రా బీ వైపు తిరిగి, "అయినా ఇన్నేళ్ళ నుంచి తిరిగే దానివి, సీటుకి గుడ్డ వేస్తారు గాని సర్టిఫికెట్లు వేస్తారా ఎవరైనా?" అన్నాడు.

ఇంకో రోజయితే ఆ మాటకు పిచ్చియ్యకు బస్టాండంతా వినపడేలా జవాబొచ్చేది. ఆ రోజు హజ్రా బీ ఒంటి చెప్పుతో నిలబడి తన చేతి వంక తాను చూసుకుంది. ఈ చేత్తోనే కదా మూటలు మోసి పిల్లను చదివించింది, ఈ చేత్తోనే ఆ చదువంతా తీసి పరాయి బస్సులో పడేసింది. అక్కడే గచ్చు మీద కూర్చుంది.

ఉన్నట్టుండి ఫాయిజా ఏడుపు ఆపింది. "అమ్మీ, నీ ఫోను సంచిలోనే ఉంది."

ఫోను చేసింది. మోగింది, ఎవరూ తీయలేదు. మళ్ళీ చేసింది. హజ్రా బీ ఫోను మోత మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది, బస్సులో వినపడకపోవడమన్నది ఉండదు. అయినా ఎవరూ తీయలేదు. నాలుగు సార్లయింది. ఐదోసారి ఒక ముసలి గొంతు పలికింది. ఫాయిజా ఫోను పెద్దగా వినపడేలా పెట్టింది.

"ఎవరమ్మా? ఈ ఫోను గలామె బస్సులోనే ఉందిలే. సంచి వేసి, ఎనకాల నిలబడ్డట్టుంది. జనంలో ముందుకు రాలేకపోతంది. అర్జెంటా?"

"అవ్వా, ఆమె బస్సులో లేదు. ఇక్కడే ఉంది. ఆ సంచి మాది."

"బస్సులో లేకపోతే సీటుకెట్టా వేసింది?"

హజ్రా బీ ఫోను లాక్కుంది. "అమ్మా, నీకు దణ్ణం పెడతా. నేనే వేశా. నేను ఎక్కకముందే బస్సు పోయింది. అందులో నా బిడ్డ సర్టిఫికెట్లున్నాయి. కండక్టరుకు ఇయ్యి తల్లీ."

ఆ అవ్వ పేరు నాగమ్మ. ఆమె సంగతి తర్వాతి వారం ఆ బస్సు కండక్టరు జ్యోతిర్మయి చెబితే హజ్రా బీకి తెలిసింది. బస్సులో అడుగు పెట్టే సందు లేదట. సంచి పక్కన కూర్చున్న నాగమ్మ మాత్రం దాని మీద చెయ్యి వేసుకుని, "ఎవరో వేసుకున్నారు, వస్తారు," అని అందరినీ ఆపిందట. ఒకాయన సంచి తీయబోతే, "నీ గుడ్డ వేసిన చోట ఇంకొకరు కూర్చుంటే ఊరుకుంటావా?" అని దులిపేసిందట. ఫోను మోగుతుంటే పరాయివాళ్ళది ముట్టుకోవడం తప్పని చూస్తూ కూర్చుందట. చివరికి మోత భరించలేక జనమే తీయమంటే తీసిందట. బస్సు బయల్దేరాక కూడా రాని మనిషి కోసం అంతసేపు సీటు కాపాడే ముసలామె పక్కనే ఆ సంచి పడటం హజ్రా బీ అదృష్టం.

ఫోను జ్యోతిర్మయి చేతికి వచ్చింది. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "బస్సు ఎనక్కి తిప్పలేం పిన్నీ, డెబ్బై మందిమి ఉన్నాం. ఎదురుగా వినుకొండ నుంచి గుంటూరు పోయే బస్సు వస్తంది. డ్రైవరు బ్రహ్మాజీ అన్న. రొంపిచెర్ల దగ్గర్లో మాకు కలుస్తది. ఆయన చేతికిస్తాం. మీరు ఆ బస్సే ఎక్కండి. అక్కణ్ణించి కదలమాకండి."

కదలకుండా ఉండటం హజ్రా బీకి ఈ లోకంలో అన్నిటికంటే కష్టమైన పని. లేచింది, కూర్చుంది, గేటు దాకా పోయి వచ్చింది. రెండో చెప్పు ఎవరో తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళారు, ఎవరో చూడలేదు. పిచ్చియ్య తన కుర్చీ బయటికి తెచ్చి వేశాడు. ఇందాక అన్న మాటకు నొచ్చుకున్నట్టున్నాడు, బ్రహ్మాజీ బస్సు కండక్టరుకు తానే రెండుసార్లు ఫోను చేశాడు. మొదటిసారి సిగ్నల్ లేదు. రెండోసారి మాట్లాడి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అందిందంట," అన్నాడు.

రెండు బస్సులు రోడ్డు మీద పక్కపక్కన ఆగాయట. ఎదురెదురుగా వచ్చే బస్సుల డ్రైవర్ల కిటికీలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కదా, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి సంచి చెయ్యి మారింది. వెనక లారీలు హారన్లు కొడుతూనే ఉన్నాయట. ఫాయిజా మూడేళ్ళ చదువు అలా గాలిలో అరక్షణం ఉండి, బ్రహ్మాజీ ఒళ్ళోకి చేరింది.

తొమ్మిదీ ఇరవైకి ఆ బస్సు నరసరావుపేట వచ్చింది. మనిషి మీద మనిషి ఉన్నారు. హజ్రా బీ ఈసారి అక్షరాలన్నీ పోయి మళ్ళీ మొదటికి వచ్చేదాకా బోర్డు చూసి, చాలదన్నట్టు పిచ్చియ్యను కూడా అడిగి ఎక్కింది. కూర్చోవడం మాట దేవుడెరుగు, కాగితాలు దక్కితే చాలనుకుంది.

డ్రైవరు వెనక ఇద్దరు కూర్చునే సీటు ఖాళీగా ఉంది. దాని మీద నీలం సంచి ఉంది. చుట్టూ అంతమంది నిలబడి ఉన్నారు, ఒక్కరూ కూర్చోలేదు. బ్రహ్మాజీ అద్దంలోంచి చూసి, "సంచి గలామె నువ్వేనా పిన్నమ్మా? నీ సీటు నీకుందిలే, కూర్చో. లోపల అన్నీ ఉన్నయ్యో లేదో చూసుకో," అన్నాడు.

అన్నీ ఉన్నాయి. ఉప్మా కూడా ఉంది. హజ్రా బీ ఫైలు తీసి గుండెకు ఆనించుకుని, నడిచే బస్సులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. కండక్టరు ఆధార్ అడగడానికి వచ్చి, ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగి అడిగాడు.

కొంతదూరం పోయాక ఫాయిజా మెల్లగా అంది. "అమ్మీ, తుండు నువ్వు మర్చిపోలేదు. నేనే తీసి దండెం మీద వేశా."

హజ్రా బీ కూతురి వంక చూసింది.

"నాతో వచ్చే పిల్లలు నవ్వుతారనుకున్నా. అది ఉంటే నువ్వు సంచి వేసేదానివే కాదు. తప్పు నాది అమ్మీ."

హజ్రా బీకి కోపం రావాలి. రాలేదు. తాను ఆ గుడ్డ భుజాన వేసుకుని తిరిగినన్నాళ్ళూ పిల్ల దాన్ని చూసి ముడుచుకుపోయిందన్న సంగతి మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఉప్మా డబ్బా మూత తీసి కూతురి ఒళ్ళో పెట్టింది. "తిను. ఖాళీ కడుపుతో పోతే అక్కడ కళ్ళు తిరుగుతాయి," అంది. అంతకుమించి ఆ విషయం ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

రోడ్డు పనుల దగ్గర బస్సు ఇరవై నిమిషాలు ఆగిపోయింది. ఒకవైపు తవ్వారు, రెండోవైపు కంకర పోశారు, మిగిలిన సందులో అటూ ఇటూ లారీలే. దుమ్ముకు కిటికీ మూద్దామంటే అది జరగదు. వెనక సీటాయన ఫోన్లో వీడియోలు ఊరంతా వినపడేలా పెట్టుకున్నాడు. ఫాయిజా నిమిషానికోసారి టైము చూస్తోంది. పదీ ముప్పై, పదీ యాభై. పదకొండున్నర గడువు సంగతి ఎవరైనా చెప్పారో, తానే విన్నాడో గాని, బ్రహ్మాజీ రోడ్డు బాగున్న చోట బండిని గట్టిగానే తోలాడు. గుంటూరులోకి వచ్చాక, ఆగకూడని ఒక మలుపు దగ్గర ఆపి, "బస్టాండు దాకా వస్తే మీకు లేటయిద్ది. ఇక్కడ దిగి ఆ సందులో పడితే ఆఫీసు అయిదు నిమిషాలు. దిగు తల్లీ, బెస్టాఫ్ లక్," అన్నాడు. హజ్రా బీ ఆయనకు ఏదైనా ఇద్దామని సంచి తడిమింది, కాగితాలు, ఫోను, ఖాళీ డబ్బా తప్ప ఏమీ లేదు. "నీ బిడ్డలు చల్లగుండాల," అంది. ఆ మాట పూర్తయ్యేలోపల బస్సు కదిలింది.

పదకొండూ ఇరవై రెండుకు ఫాయిజా వరసలో నిలబడింది. బల్ల వెనక కూర్చున్నామె ఒక్కొక్క కాగితం తిప్పి చూసి, సంతకం పెట్టించుకుని, "సరే, అన్నీ ఉన్నాయి," అంది. ఉదయం నుంచి ఎంతమంది చేతులు మారి అవి అక్కడికి వచ్చాయో ఆమెకు తెలియదు. గుమ్మం బయట నిలబడ్డ హజ్రా బీకి తెలుసు. కళ్ళు మూసుకుని, ముందు అల్లాకు చెప్పుకుంది, తర్వాత పేర్లు తెలిసినవాళ్ళకు పేరుపేరునా, పేరు తెలియని ఆ ముసలి గొంతుకు విడిగా చెప్పుకుంది.

సాయంత్రం గుంటూరు బస్టాండు కిటకిటలాడుతోంది. నరసరావుపేట బస్సు కోసం జనం పోగై ఉన్నారు. ఆఫీసు గుమ్మం బయట అంతసేపు నిలబడి హజ్రా బీ అలసిపోయింది.

"ఇక్కడే ఉండు అమ్మీ," అని ఫాయిజా ఎటో వెళ్ళింది. అయిదు నిమిషాలకు తిరిగి వచ్చింది. చేతిలో కొత్త తుండుగుడ్డ, ఎర్ర గళ్ళది.

బస్సు వచ్చింది. ఫాయిజా బోర్డు చివరిదాకా చదివింది. "అన్నా, నరసరావుపేట పోద్దా?" అని డ్రైవరును గట్టిగా అడిగింది. ఉదయం వరసలో ఆమె పక్కన నిలబడిన అమ్మాయిలిద్దరు అక్కడే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు. ఫాయిజా బస్సు పక్కన నడిచి మూడో కిటికీలోకి గుడ్డ విసిరింది. అది ఊచకు తగిలి కింద పడింది. తీసుకుని దులిపి, మళ్ళీ నడిచి, మళ్ళీ విసిరింది. ఈసారి లోపల పడింది.

"సీటు పడింది అమ్మీ. టీ తాగుదామా?"

"టీ వద్దు, గీ వద్దు. ముందెక్కు," అంది హజ్రా బీ.

తోసుకుని ఎక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. మూడో కిటికీ దగ్గర ఇద్దరు కూర్చునే సీటులో మాత్రం ఎర్ర గుడ్డ పడి ఉంది. దాని పక్కన చంకలో పసిపాపతో ఒక పిల్ల నిలబడి ఉంది, సీటు వంక చూస్తోంది గాని కూర్చోలేదు. హజ్రా బీ సీటు వైపు రావడం చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరో వేసుకున్నారు పిన్నీ, వస్తారు."

హజ్రా బీ ఆ పిల్ల మొహం చూసింది. ఫాయిజా ఏదో చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. గుడ్డ తీసి తన భుజాన వేసుకుంది.

"వచ్చాంలే తల్లీ," అంది. "పాపతో ఎంతసేపు నిలబడతావు? నువ్వు కిటికీ పక్కన కూర్చో. మేం సర్దుకుంటాం."